ఈ వారం ఏమేం చదివారు? నాకైతే కథల కన్నా లెక్కలే గుర్తున్నాయి

మజిలీ | ఆదివారం రాత్రి 9:12

ఈ వారం నా చదువు మహా కలగాపులగంగా సాగింది. సోమవారం బస్సులో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ మొదలుపెట్టాను. ఆఫీసులో ఆడిట్ సర్క్యులర్లు సరేసరి, జీతం ఇచ్చేదే వాటిని చదవడానికి. బుధవారం అత్తయ్యగారు పడక్కుర్చీలో వదిలేసిన యద్దనపూడి నవల ‘సెక్రటరీ’ కనబడితే నిలబడే ఓ గంట చదివేశాను. పొయ్యి మీద పాలు పొంగాయి. శనివారం శ్రీపాద ‘వడ్లగింజలు’. మధ్యలో మామయ్యగారి బీపీ మాత్రల డబ్బాలో మడిచిపెట్టిన కాగితం, అటూ ఇటూ రెండు వైపులా.

ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఏం మిగిలిందా అని చూసుకుంటే ఒక సంగతి తట్టింది. నాకు కథ కన్నా లెక్కలే గుర్తున్నాయి. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పే ఉద్యోగి. 1830 మే 18న పల్లకీలతో, పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. భక్తుడే, అందులో సందేహం లేదు. కానీ ఊరు చేరగానే ఆయన కన్ను ముందు బావి మీద పడుతుంది. నీళ్లు మంచివేనా, దిగడానికి నీడ ఉందా, అంగళ్లలో సామాన్లు దొరుకుతాయా, ముందు దారి ఇసకా రాయా? గుడి సంగతి ఆ తర్వాత.

‘సెక్రటరీ’లో రాజశేఖరం అందం వర్ణించిన పేజీలు దాటేసి, జయంతి జీతం మాట ఎక్కడుందా అని వెతికాను. నలభై దాటితే ఇంతేనేమో.

మీరేం చదివారు? మీకేం మిగిలింది? పుస్తకాలే కానక్కర్లేదు, కరపత్రమైనా సరే.

సగంచదివినోడు | ఆదివారం రాత్రి 9:40

అక్కా, నా జాబితా: ‘చివరకు మిగిలేది’ సగం, కొడవటిగంటి నవల ‘చదువు’ పావు, ఆఫీసు వాళ్లు పంపిన ఇన్సూరెన్స్ పాలసీ పత్రం రెండు పేజీలు, క్రికెట్ మ్యాచ్ మీద కామెంట్లు పూర్తిగా.

బుచ్చిబాబు గారి నవల విషయంలో నా బాధ ఏంటంటే, చివరకు ఏం మిగులుతుందో నేనెప్పుడూ చూడలేదు. అందులో హీరో దయానిధి నాకు కాలేజీ రోజుల నుంచీ పరిచయం. ఎప్పుడు తెరిచినా బాగుంటుంది. ఎక్కడో ఒకచోట ఆయన ఆలోచనల్లో పడి నా ఆలోచనల్లోకి జారిపోతాను, పుస్తకం గుండెల మీదే ఉంటుంది, తెల్లారిపోతుంది.

ఇది చదవడం కిందికి వస్తుందా రాదా? ఎవరైనా తీర్పు చెప్పండి.

మూలబెంచీ | ఆదివారం రాత్రి 10:05

రాదు.

ఒక పుస్తకం పట్టుకుంటే దాంట్లో ఉండాలి. సోమవారం కాశీ, మంగళవారం ఆడిట్, బుధవారం రాజశేఖరం అంటూ పోతే ఏదీ ఒంటబట్టదు. మజిలీ గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, మీరు సాహిత్యాన్ని చిట్టా పుస్తకం చేసేస్తున్నారు. రేపు కాళీపట్నం మాస్టారి ‘యజ్ఞం’ చదివి, ‘అప్పు ఎంతో గుర్తుందండీ, మిగతాది మర్చిపోయాను’ అంటారా?

నేను ఈ వారం ఒక్కటే చదివాను, శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’. ముందు చలం గారు రాసిన ముందుమాట ‘యోగ్యతాపత్రం’, తర్వాత గేయాలు, గట్టిగా, తలుపేసుకుని. 1950లో అచ్చయిన పుస్తకం. దాంట్లో బావులూ జీతాలూ వెతకలేదు.

వరంగల్‌వేణువు | ఆదివారం రాత్రి 10:31

మూలబెంచీ అన్నా, ఉదాహరణ మీకే ఎదురుతిరిగింది. ‘యజ్ఞం’ అంతా అప్పు లెక్కనే కదా! అప్పల్రాముడు బాకీ ఉన్నడా లేడా, ఎంత ఉన్నడు, ఎట్లొచ్చింది, ఎవరు తీర్చాలె, దీని మీదనే ఊరు మొత్తం కూర్చున్నది. ఆ లెక్క మర్చిపోతే ఆఖర్ల ఆయన కొడుకు సీతారాముడు చేసిన పని ఎందుకు చేసిండో అర్థమే కాదు. ఆ పంచాయితీల ఎవ్వరూ గొంతు పెంచరు, అంతా మర్యాదగనే మాట్లాడుతరు. అందుకే నాకు ఎక్కువ భయమైతది.

నా వారం సంగతి: వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ మళ్ల చదివిన, దాని వెంటనే దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ తీసిన. వెంటవెంటనే చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడ్డది. మజిలీ అక్క లెక్కల గురించి అన్నది కదా, ఈ రెండిట్లో లెక్కకెక్కని పని ఉంటది. వెట్టి. ఎవరి బండి ఎవరు తోలిండ్రు, ఎవరి బరువు ఎవరు మోసిండ్రు, దానికి పైసలేవి, రాసిన కాయితమేది? ఏ చిట్టాలోనూ ఉండదు. నవలల్ల తప్ప.

ఆళ్వారుస్వామి ‘దేశోద్ధారక గ్రంథమాల’ పెట్టి పుస్తకాలు అచ్చేసుడే కాదు, స్వయంగా తిరిగి అమ్మిండు కూడా. రాసిన మనిషే మోసుకొచ్చి చేతుల పెడితే బేరమాడటానికి నోరెట్ల వస్తది చెప్పుండ్రి.

పాతగట్టు | సోమవారం ఉదయం 5:50

పొద్దున్నే లేవడం అలవాటు, కాబట్టి పొద్దున్నే రాస్తున్నాను.

మజిలీ అమ్మాయికి ఒక మాట. వీరాస్వామయ్య గారు బావులు ఎందుకు రాశారో ఆలోచించావా? ఆయన ఒక్కచోట కూర్చుని పుస్తకం రాయలేదు. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లైకి సంగతులు రాసి పంపేవారు. ఆయన పోయాక, 1838లో, పిళ్లై దాన్ని అచ్చు వేయించారు. మళ్లీ దిగవల్లి వేంకటశివరావు గారు వివరంగా పరిష్కరించి తెచ్చారు. రేపు ఇంకొకడు ఇదే దారిన పోతాడు, వాడికి నీళ్లు దొరకాలి. రైలు లేని రోజుల్లో ఇంతకన్నా పనికొచ్చే వాక్యం ఏముంటుంది? అందుచేత మన మూలబెంచీ గారు చిట్టా అని తీసిపారేయనక్కర్లేదు.

తిరుపతి దగ్గర ఆయన రాసిన పేజీలు నెమ్మదిగా చదువు. అప్పట్లో తిరుమల గుడి పెత్తనం కుంఫినీ వారిది, అంటే ఈస్టిండియా కంపెనీది. 1843లో గానీ హథీరాంజీ మఠానికి అప్పగించలేదు. సేవలకు సొమ్ము, దాని వసూలు, అదంతా ఒక సర్కారు ఉద్యోగి కంటితో చూసి రాశాడు. నువ్వు ఆడిట్ సర్క్యులర్లు చదువుతూ ఆ పేజీలు చదివావంటే, నాకు తెలియని రుచి ఏదో నీకు తెలిసే ఉంటుంది.

నా మట్టుకు ఈ వారం శ్రీపాద వారి ‘అనుభవాలూ - జ్ఞాపకాలూనూ’. ఎన్నోసారో అడగొద్దు. వేదం, సంస్కృతం చదువుకోవలసిన ఇంట్లో పుట్టి, తెలుగు వచనం మీద మోజు పడి, ఇంగ్లీషు రాకుండానే అంత పని చేశారాయన. రాజమండ్రిలో ‘ప్రబుద్ధాంధ్ర’ పత్రిక నడిపారు. ఇక్కడ మా వీధుల పేర్లు ఆ పేజీల్లో తగులుతుంటే సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు కాస్త ఆగి ఆగి నడుస్తాను. మా ఆవిడ మోకాళ్ల నొప్పులనుకుంటోంది.

లెక్కలసారు | సోమవారం మధ్యాహ్నం 1:15

లెక్కలు అనే మాట వినబడింది కాబట్టి వచ్చాను.

‘వడ్లగింజలు’ చదవనివారికి కథ చెప్పను, చదరంగం ఆటగాడు శంకరప్ప, పెద్దాపురం ప్రభువు, అరవై నాలుగు గళ్లు, అంతవరకే. ఒక గడికి ఒక గింజ, తర్వాతి గడికి రెండు, ఆ తర్వాత నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవడం. మొత్తం 18,446,744,073,709,551,615 గింజలు. ఈ అంకె అందరూ చెబుతారు. దాంతో ఎవరికీ ఏమీ అర్థం కాదు. నోరు తెరుస్తారు, అంతే.

మా తొమ్మిదో తరగతి పిల్లల చేత నిజంగా తూయించాను. ఒకడు ఇంటి నుంచి స్వర్ణ వడ్లు తెచ్చాడు. పేపరు పరిచి, పదేసి గింజల కుప్పలు పెట్టి, పది కుప్పలు ఒక వరుస, అలా వెయ్యి గింజలు. ఫ్యాన్ ఆపేయాల్సి వచ్చింది, ఎగిరిపోతున్నాయి. తాలు గింజలు ఏరేయాలా వద్దా అని ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు (ఏరేశాం). బంగారప్పని చేసే ఒకాయన కాటా మీద పెడితే 20 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగాయి. ఇక ఆ లెక్కన బల్ల మీద వరుసలు వేసుకుంటూ పోయాం.

మొదటి వరుస ఎనిమిది గళ్లకు 255 గింజలు, అయిదు గ్రాములు. పిల్లలు నవ్వారు. రెండో వరుస పూర్తయ్యేసరికి 65,535 గింజలు, కేజీ మూడొందల గ్రాములు. ఇంకా నవ్వుతున్నారు. మూడో వరుసతో 335 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు నాలుగున్నర. అప్పుడు రైతుల పిల్లలు నవ్వడం ఆపారు. సగం బల్లకి 86 టన్నులు, 1,145 బస్తాలు. ఎకరాకు 35 బస్తాలు పండినా దాదాపు 33 ఎకరాల పంట. వడ్లు తెచ్చినవాడు ‘సార్, మా నాన్నకి రెండెకరాలే’ అన్నాడు. అయిదో వరుస చివరికి దాదాపు మూడు లక్షల బస్తాలు. ఇంకా మూడు వరుసలున్నాయి!

మొత్తం బల్లకి 36,900 కోట్ల టన్నులు వస్తుంది. ఇవాళ ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. నాలుగున్నర శతాబ్దాల పంట అన్నమాట. రాజుగారి గాదె ఏమూలకి?

సగంచదివినోడు | సోమవారం మధ్యాహ్నం 1:32

సార్, మీరు నాకు లెక్కలు చెప్పి ఉంటే నేను ఈపాటికి ఏదో ఒకటి పూర్తిగా చదివి ఉండేవాణ్ణి.

మిరపతోట | సోమవారం రాత్రి 8:20

మాది పల్నాడు. నా వారం చదువు చెప్తే నవ్వుతారేమో.

పురుగుమందు డబ్బా మీద కాగితం చదివా. నవ్వులాట కాదు, అరగంట పట్టింది. అన్ని భాషలూ ఒకే కాగితం మీద ఇరికిస్తారు, తెలుగు ముక్క ఎక్కడో మడతలో ఉంటుంది. అక్షరం చీమ తలకాయంత. ఫోన్ కెమెరాతో పెద్దది చేసుకుని చదివా. డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది చూశారా, ఎరుపైతే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇది మా ఊళ్లో సగం మందికి తెలీదు. షాపువాడు ఏదిస్తే అది కొట్టడమే. గ్లౌజులు వేసుకోమని, గాలికి ఎదురుగా కొట్టొద్దని, ఖాళీ డబ్బా వాడుకోవద్దని అన్నీ రాసే ఉన్నాయి. చదివేటట్టు రాయలేదు, అంతే. 2021లో నల్ల తామర పురుగు పూత మీద పడి తోటలు పోయినప్పుడు మాత్రం వ్యవసాయ శాఖ కరపత్రాలు అందరం చదివాం. నీలం రంగు జిగురు అట్టలు కట్టమన్నది అందులోనే చూశాం. ప్రాణం మీదికొస్తే అందరూ పాఠకులే.

రాత్రిపూట మాత్రం ‘దర్గామిట్ట కతలు’. మా ఇంటామె తాలుకాయలు ఏరుతుంటే నేను పైకి చదువుతా. ఖదీర్‌బాబు రాసిన నెల్లూరు మాట మాకు దగ్గర్దే, అయినా అక్కడక్కడా ఆగి ఇద్దరం ఆ యాస పలికి చూసుకుంటాం. తిండి గురించి వచ్చిన చోట ఆమె ఏరడం ఆపి ‘మళ్లీ చదువు’ అంటది. మిరపకాయల ఘాటుకి నాకు దగ్గు, కతకి ఆమెకి నవ్వు. బస్తా ఆలస్యమైంది గానీ కత పూర్తయింది.

మూలబెంచీ సారూ, పగలు డబ్బా, రాత్రి కత. ఇందులో ఏది మానమంటారు?

డల్లాస్‌పిన్ని | సోమవారం రాత్రి 10:48

మిరపతోట తమ్ముడూ, మీ ఇంటావిడకి నా నమస్కారాలు చెప్పు. అలా వినేవాళ్లుంటే ఎంత పుస్తకమైనా చదివేయొచ్చు.

నాకు వినేవాడు మా మనవడు, ఏడేళ్లు. పడుకునేటప్పుడు పాత చందమామలు, స్కాన్ చేసినవి, టాబ్లెట్‌లో చదివి వినిపిస్తాను. 1947 జూలైలో మొదలైన పత్రిక, నా చిన్నతనంలో ఇంట్లో అందరికీ ఒకటే కాపీ, వరస ప్రకారం చదవాలి, నాది ఆఖరి వంతు. ఇప్పుడు వాడొక్కడికే అన్ని సంచికలూనూ. ఈ వారం బేతాళ కథలు. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ, విక్రమార్కుడి భుజాన శవం, చేతిలో కత్తి, వాడు వేలితో పెద్దది చేసి చేసి చూస్తాడు. నిన్న రాత్రి అడిగాడు: ‘అమ్మమ్మా, సమాధానం తెలిసీ చెప్పకపోతే కదా తల పగిలేది? తెలీదు అని చెప్పేస్తే సరిపోతుంది కదా?’

ఎన్నేళ్లుగా చదువుతున్నాను, నాకెప్పుడూ తోచలేదు. ‘రాజు అబద్ధం చెప్పడు నాన్నా’ అన్నాను. ‘అబద్ధం కాదు, ఒక్కోసారి నిజంగా తెలీకపోవచ్చు కదా’ అన్నాడు. దుప్పటి కప్పి లైటు తీసేశాను. మీలో ఎవరి దగ్గరైనా జవాబుంటే రాత్రిలోగా చెప్పండి, మళ్లీ అడుగుతాడు.

ఇక నా సొంతానికి చదువుకున్నది పాత ఆంధ్రపత్రిక. కథల కోసం తెరిచాను, ప్రకటనలు చదువుతూ కూర్చుండిపోయాను. అమృతాంజనం నాగేశ్వరరావు పంతులుగారి పత్రికే కాబట్టి ఆ సీసా ఎక్కడైనా కనబడుతుందేమోనని చూడటం ఒక ఆట.

పాతగట్టు | మంగళవారం ఉదయం 5:45

పిన్నిగారూ, మీ మనవడు వకీలు అవుతాడు. జవాబు మాత్రం నా దగ్గర లేదు.

పాత పత్రికల మాట వచ్చింది గనక, ఇండియా వచ్చినప్పుడు వీలైతే వేటపాలెం వెళ్లండి. సారస్వత నికేతనం, 1918 నాటి గ్రంథాలయం. 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ ఊళ్లో అంత గ్రంథాలయం ఏమిటని మొదటిసారి వెళ్లినవాళ్లు ఆశ్చర్యపోతారు. పాత పత్రికల కట్టలు అక్కడ చేత్తో తిప్పి చూడవచ్చు, మెల్లగా తిప్పాలి, అంచులు పొడిపొడిగా రాలుతుంటాయి. తెర మీద చూస్తే ఆ వాసన రాదు, తుమ్ములూ రావు.

మూలబెంచీ | మంగళవారం మధ్యాహ్నం 12:20

నా మీద ఇంతమంది పడ్డారు, సంతోషం.

మిరపతోట గారూ, మీరు ఏదీ మానొద్దు. మీరు చదివింది పనికోసం ఒకటి, మనసుకి ఒకటి, దేన్ని దానిగానే చదివారు. నా పేచీ అక్కడ కాదు. వేణువు గారు ‘యజ్ఞం’ మీద చెప్పింది సబబే, అది అప్పు కథే. కానీ ఆ కథలో అప్పు గుర్తుండటం, కాశీయాత్రలో బావులు గుర్తుండటం ఒకటి కాదు. ‘యజ్ఞం’లో అంకె వెనక మనుషులున్నారు. బావులు గుర్తుపెట్టుకుని, ఆ పెద్దమనిషి అంత దూరం ఎందుకు వెళ్లాడో, కాశీలో ఏమనుకున్నాడో దాటేస్తే ఆ పుస్తకం సగమే మీ చేతికొచ్చినట్టు. రకరకాలు చదివితే వచ్చే చిక్కు ఇదే. ప్రతి పుస్తకంలోనూ మనకి ముందే తెలిసిన వస్తువునే ఏరుకుంటాం. ఆడిట్ చేసేవారికి అంతటా ఆడిటే కనిపిస్తుంది.

కవిత్వం దగ్గర ఆ పప్పులు ఉడకవు. శ్రీశ్రీ ఊపేస్తే ఊగాల్సిందే, ఏరుకోడానికి టైమివ్వడు.

మజిలీ | మంగళవారం రాత్రి 9:30

మూలబెంచీ గారూ, చివరి మాట గట్టిగానే తగిలింది, పర్లేదు. కానీ ఒప్పుకోను.

ఆడిట్ చూసే కళ్లతోనే కాశీయాత్ర చదివాను, నిజమే. దానివల్లే ఒకటి కనబడింది. ఈయన కోర్టులో జీతగాడు. సెలవు పెట్టి వెళ్లాడు. తిరిగొచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చోవాలి. నేను సెలవుల రిజిస్టరు చూసే మనిషిని కాబట్టి నాకది ముందు తట్టింది. పదహారు నెలలకు దగ్గర సెలవు! మా దగ్గర కూతురి పెళ్లికి పది రోజులు అడిగితే పై అధికారి మొహం ముడుచుకుంటాడు. అంత సెలవు ఇప్పించుకున్నవాడు కోర్టుకి ఎంత అవసరమైనవాడో, దొరలు ఆయన్ని ఎలా చూసేవారో అని ఆలోచిస్తే, దారిలో కలిసిన అధికారుల గురించి ఆయన రాసే తీరు వేరేగా వినిపించడం మొదలుపెట్టింది. ఇది బావుల లెక్క కాదు కదండీ, మనిషి సంగతే. కాకపోతే నేను వెనక గుమ్మం లోంచి వచ్చాను.

ఇంకో సంగతి, లెక్కలసారు గారి పేజీ మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడికి తెలుగు కథలంటే పడదు. మూడో వరుస దగ్గర ‘ఆగు, నేను చేస్తా’ అని ఫోన్ లాక్కున్నాడు. అయిదో వరుస తర్వాత కాలిక్యులేటర్ అంకె చూపించడం మానేసి ఏదో ‘ఇ’ అక్షరం చూపించిందట. ‘ఆ కథ ఏ పుస్తకంలో ఉంది?’ అన్నాడు. ఇచ్చాను. చదివాడో లేదో అడగదల్చుకోలేదు.

వరంగల్‌వేణువు | మంగళవారం రాత్రి 10:02

అడగకు అక్కా, అడిగితే మూసేస్తరు.

వచ్చే వారానికి నాదొక మాట. తలా ఒకటి కాకుండ అందరం ఒక్కటే చదువుదాం. ‘యజ్ఞం’ పెట్టుకుందాం, మూలబెంచీ అన్న పేరు తీసిండు కాబట్టి ఆయనే మొదలుపెట్టాలె. పెద్ద కథనే గానీ నవల కాదు, సగంచదివినోడు కూడా గట్టెక్కుతడు. పుస్తకం లేనోళ్లు కథానిలయం వెబ్‌సైట్ చూడుండ్రి. శ్రీకాకుళంల కారా మాస్టారు, అదే ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు, 1997ల పెట్టిన కథల లైబ్రరీ అది, పాత పత్రికల్ల వచ్చిన కథలు వేలల్ల స్కాన్ చేసి పెట్టిండ్రు.

మిరపతోట | బుధవారం ఉదయం 6:30

నేను రెడీ. కాకపోతే మా ఇంటామె పిల్లల కథ ఏదైనా విషాదంగా ఉంటే ముందే చెప్పమంటాంది.

మూలబెంచీ | బుధవారం ఉదయం 9:10

తమ్ముడూ, అయితే ఆఖరి పేజీలు నువ్వొక్కడివే ముందు చదువుకో, తర్వాత ఆమెకి వినిపించాలో లేదో నువ్వే చూసుకో.

మొదలుపెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఆదివారం రాత్రి రాస్తాను. షరతు ఒక్కటే, మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లే మాట్లాడాలి.

సగంచదివినోడు | బుధవారం ఉదయం 9:14

ఇది నన్ను ఉద్దేశించే అన్నారని నాకు తెలుసు.

లెక్కలసారు | బుధవారం మధ్యాహ్నం 1:20

నేనూ వస్తాను. ఆ బాకీ మీద వేసింది బారువడ్డీనా చక్రవడ్డీనా అన్నది చూసి, ఏడాదివారీగా ఒక పట్టిక వేసుకొస్తాను.

మూలబెంచీ | బుధవారం మధ్యాహ్నం 1:22

మాస్టారూ, దయచేసి.